పొక్కన్ మింగేసిన మాట

పొక్కన్ నాలుగో క్లాసు దాటలేదు. అయినా కణ్ణూరులో మా వీధి బీడీ కంపెనీకి పదకొండేళ్లుగా చదివి వినిపించేవాడు అతనే. పొద్దున పేపరు, మధ్యాహ్నం నవల. అతను పీట మీద కూర్చుని చదువుతుంటే తక్కిన నలభైమందీ అతని వంతు బీడీలు కూడా చుట్టి పెట్టేవాళ్లు. దీన్ని శ్రామిక చైతన్యమంటూ ఉపన్యాసాలు దంచేవాళ్లున్నారు. వాళ్లలో ఒక్కరూ ఆ గదిలో గంటసేపు కూర్చున్న పాపాన పోలేదు.

ఆ సంవత్సరం, వందేళ్ల నాటి నవల ఒకటి ఎత్తుకున్నారు. సంస్కృతం దట్టించిన భాష. అర్థం కాని మాట వస్తే పొక్కన్ మెల్లగా దాటేసేవాడు. ఎవరికీ తెలియదనుకున్నాడు. మూడో రోజు కోరన్ కత్తెర పక్కన పెట్టాడు. కంపెనీలో అందరికన్నా పెద్దవాడు, సంతకం కూడా రానివాడు.

"ఆ పిల్ల అతణ్ణి ఎలా చూసిందో చెప్పకుండానే లోపలికి పంపేశావేంట్రా పొక్కా? అక్కడేదో మింగావ్."

పొక్కన్ ఒప్పుకున్నాడు. అక్కడున్న మాట 'మందాక్షం', అర్థం తెలియదు, ఇలాంటివి చాలానే మింగాడు. చదువుకున్నవాణ్ణి పెట్టుకోమని పుస్తకం మూసి పీట దిగబోయాడు. ఆ పదకొండేళ్లలో అతను సంపాదించుకున్నది ఆ పీట ఒక్కటే.

కోరన్ దిగనివ్వలేదు. ఆ పేజీ మూడుసార్లు చదివించాడు. భయమని ఒకరు, కోపమని ఇంకొకరు. తునికాకు కత్తిరిస్తున్న యశోద తలెత్తకుండానే రెండూ కొట్టేసింది.

"భయమైతే గుమ్మంలో అంతసేపు నిలబడదు. కోపమైతే తలుపు దబ్బుమనేది. పైబట్ట అంచు వేలికి చుట్టుకుంటోందని ఇప్పుడేగా చదివాడు? సిగ్గు, కోరన్ అన్నా. చూడాలనుంది, చూపు లేవట్లేదు."

కంపెనీ గుమ్మంలో నిలబడి నేనూ వింటున్నాను. ఎం.ఏ.లో మేం ఆ నవల మీద పేజీలకు పేజీలు రాశాం. తలుపు చప్పుడు కాలేదన్న సంగతి మాలో ఒక్కరి చెవినా పడలేదు. నేనూ ఆ మాటను దాటేసే పాసయ్యాను.

మర్నాడు పొక్కన్ గ్రంథాలయంలో నిఘంటువు చూసి అర్థం కాగితం మీద రాసుకొచ్చాడు. సిగ్గు. ఎవరూ ఆశ్చర్యపోలేదు.

"నిన్ననే తేలిందిగా," అన్నాడు కోరన్. "పీటెక్కి మొదటి పేజీకి పో. మింగినవన్నీ కక్కు."

మొదటి పేజీలోనే మూడున్నాయి.