ఎలీసమ్మ చెప్పిన పేరు

ఎలీసమ్మ చెప్పే బుర్రకథలలో కొత్తపేట, రాజోలు ప్రాంతాల ప్రజలు అడిగి మరీ చెప్పించుకున్నది ఉప్పు కథ. 1930లో కాట్రేనికోనకు దిగువనున్న మా ఊరి తీరాన ముగ్గురు యువకులు సర్కారు శాసనాన్ని ధిక్కరించి ఉప్పు వండారు. ఆ రాత్రి ఒక కొబ్బరితోటలో తలదాచుకున్నారు. తెల్లవారేసరికి పోలీసులు మరెక్కడా వెదకకుండా ఆ తోటకే వచ్చారు. లాఠీ దెబ్బలకు ఒకరు మరణించారు. ఈ సంగతి ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. ఎలీసమ్మ తంబురా మీటుతూ, చేతి బొటనవేలి అందెలు మోగిస్తూ అడుగు ముందుకు వేస్తే మాత్రం, ఆ తోట, ఆ బూట్ల చప్పుడు జనం కళ్ళ ముందుకు వచ్చేవి.

ఆమెకు కుడివైపున భర్త జోజి డక్కీ వాయిస్తూ, వినేవారి తరఫున ప్రశ్నలు వేసేవాడు. ఆ ప్రశ్నలే బుర్రకథకు ప్రాణం. "తోట జాడ చెప్పిందెవరండీ?" అని అతడు అడగడం, "పెద్దిరాజు!" అని ఆమె ఎలుగెత్తడం, జనం ఛీ కొట్టడం, పదకొండేళ్ళుగా అదే కథకు పట్టు.

ఆ పేరు ఆమెకు చెప్పినవాడు తండ్రి ఇశ్రాయేలు. ఆ రోజులలో అతడు ఆ తోటకే కాపలాదారు. తరువాత ఊరు విడిచి పలివెలలో స్థిరపడ్డాడు. కూతురు ఆ కథ ఎక్కడ చెప్పినా మురిసిపోయేవాడు గాని, "మనూళ్ళో మాత్రం చెప్పొద్దమ్మా" అనేవాడు. ఎందుకు వద్దన్నాడో 1981 వేసవిలో, మరణించడానికి వారం ముందు బయటపెట్టాడు. జాడ చెప్పింది తానే. నిండు గర్భిణి అయిన భార్యను స్టేషనుకు ఈడ్చుకుపోతామని పోలీసులు బెదిరించారు. ఆ గర్భంలో ఉన్నది ఎలీసమ్మ. నేరం తన మీదికి రాకుండా, తోటలో కాయ దింపే పెద్దిరాజు పేరును అతడే ఊళ్ళో పుట్టించాడు.

ఇదేమీ ఎరుగని నేను, మా ఊరి బడి పంతులమ్మను, పంద్రాగస్టు నాడు మా బడి ఆవరణలో ఉప్పు కథ చెప్పవలసిందిగా ఆమెకు ఉత్తరం వ్రాశాను. పెద్దిరాజు కూతురు వీరలక్ష్మి మా బడిలోనే ఆయా. తండ్రి పోయినప్పుడు పాడె పట్టడానికి ఊరివారెవరూ రాలేదు. అందుచేత, ఆ ఒక్క పేరు మాత్రం వదిలివేయవలసిందని ఉత్తరం చివర కోరాను.

పంద్రాగస్టు మధ్యాహ్నం ఉపాధ్యాయుల గదిలో ఎలీసమ్మ గజ్జెలు కట్టుకుంటున్నది. ముడి పడడం లేదు. అప్పుడే వీరలక్ష్మి కొడుకు అంజిబాబు గుమ్మానికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. కొబ్బరి వలిచి కండలు తిరిగిన మనిషి.

"నమస్కారమండి. మా తాత పేరు మీ నోటంట వచ్చిందంటే ఆ తంబురా మీ నెత్తి మీదే పగులుద్దండి. ఆయ్, ముందే చెప్పేను, మళ్ళీ అనుకోకండి" అని, మర్యాదగా చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

ఆమెకు ఎడమవైపున వంతపాడే దేవదానం హాస్యం చెప్పేవాడు. "తంబురాదేముందండి, ఇంకో సొరబుర్ర దొరుకుద్ది. మన బుర్రే దొరకదు" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

"పేరొద్దని టీచరమ్మగారే రాసేరు కదే. నేనడగను, నువ్వు చెప్పకు. కథ దాటిపోద్ది" అన్నాడు జోజి.

"కథ దాటిపోద్దండి. పెద్దిరాజు గారి మీదేసిన మచ్చ పోద్దా?" అన్నది ఎలీసమ్మ.

"మీ నాన్న సమాధి మీద మట్టింకా ఆరలేదే! రేపు పలివెలలో తలెత్తుకు తిరగొద్దా మనం?"

నేనిచ్చిన మంచినీళ్ళు తాగి ఆమె తంబురా అందుకున్నది.

బడి అరుగు మీద కథ మొదలైంది. ఆవరణ నిండిపోయింది. వీరలక్ష్మి బడిగంట పక్కన, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నది. కథలో పోలీసులు తోటలోకి వచ్చారు. జోజి ప్రశ్న వేయకుండా డక్కీ మీద తరువాతి వరుస ఎత్తుకున్నాడు.

ఎలీసమ్మ తంబురా ఆపివేసింది. ఆమె అడుగు వేయడం లేదు, అయినా కాళ్ళ గజ్జెలు సన్నగా మోగుతూనే ఉన్నాయి.

"అడగండి" అన్నది.

జోజి తల అడ్డంగా ఊపాడు.

"అడగండీ!"

అతడు డక్కీ ఆపాడు. "తోట జాడ... చెప్పిందెవరండీ?"

అంజిబాబు చేయెత్తి అరుగు మెట్టు ఎక్కాడు.

ఆమె పాడలేదు. మామూలుగానే చెప్పింది. "ఇశ్రాయేలు. తోట కాపలా ఇశ్రాయేలు. మా నాన్న. పెద్దిరాజు గారు కాదండి. పదకొండేళ్ళు ఆయన పేరు పాడింది నేనే."

వెనుకనుంచి "ద్రోహి కూతురా!" అని ఎవరో అరిచారు. ఒక మట్టిబెడ్డ వచ్చి డక్కీకి తగిలింది. జోజి భార్యకు అడ్డంగా నిలిచాడు. అంజిబాబు ఎత్తిన చేయి ఎక్కడ దించాలో తెలియక నిలబడిపోయాడు. వీరలక్ష్మి జనాన్ని తోసుకుంటూ వచ్చింది. కొట్టడానికే వస్తున్నదనుకున్నానని ఎలీసమ్మ తరువాత నాతో చెప్పింది.

వీరలక్ష్మి కొట్టలేదు. అరుగు కింద నిలబడి, "ఇదే మాట కొత్తపేటలోనూ చెప్తారా అండి? మా ఆడపడుచుది ఆ ఊరేనండి. మీ కథ విన్నాక మా గడప తొక్కలేదు" అన్నది.

"ఆయన పేరెక్కడెక్కడ పాడేనో అక్కడల్లా చెప్తానండి."

"నోటిమాట కాదండి. నేనొస్తాను. నా చెవులతో వినాలి."

సెప్టెంబరులో కొత్తపేటలో కథ ఏర్పాటైంది. వీరలక్ష్మిని తీసుకుపోవడానికి ఎలీసమ్మ అమలాపురం వచ్చింది; అక్కడ ఎక్కిన బస్సులో నేనూ ఉన్నాను. జోజి, దేవదానం సరంజామాతో ముందే వెళ్ళారు. ఎలీసమ్మ ముఖం పాలిపోయి ఉన్నది. అక్కడ ఎన్ని బెడ్డలు పడతాయోనని దారి పొడవునా చెమటలు తుడుచుకుంటూనే ఉన్నది. వీరలక్ష్మి పక్కన సంచి ఒక్కటే ఉన్నా, అటు చూడడానికి భయపడి కడ్డీ పట్టుకుని నిలబడింది. ముక్తేశ్వరం దాటేవరకూ ఇద్దరూ మాట్లాడుకోలేదు.

అప్పుడు వీరలక్ష్మి తన సంచిని తీసి ఒడిలో పెట్టుకున్నది.

"నిలబడి కాళ్ళు లాగేసుకుంటే అక్కడ కథేం చెప్తారండి? కూర్చోండి" అన్నది, కిటికీలోంచి బయటకు చూస్తూ.