దీపాలు పెట్టాక అడిగిన సీరం

మా ముత్తాత తండ్రి సంస్థానంలో దివాను. ముత్తాత కరణం, ఆయన వీధిలో నడిస్తే అరుగుల మీదివాళ్లు లేచి నిలబడేవారట. తాతగారి నాటికి భూములు పోయాయి, నడుము మాత్రం వంగలేదు. తార్నాకలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉన్నా నాయనమ్మ పొరుగింట పాలలోకి తోడు అడిగి ఎరుగదు. తోడు లేని రోజు చారన్నంతోనే లేచేవాళ్లం.

ఆ ఇంట్లో పెరిగిన నేను యూనివర్సిటీలో మంచినీటి ఆల్చిప్పల కణాలు పెంచే పనిలో పడ్డాను. గుల్లకు లోపల అంటుకుని ఉండే మెత్తని పొరను చిన్న ముక్కలుగా కోసి చిన్న పళ్లేల్లో పోషకద్రవం పోసి ఉంచాలి. ఆల్చిప్ప బురదలో బతికేది. దానితోపాటు క్రిములూ వస్తాయి. ఎన్నో పళ్లేలు మురిగిపోయాక ఒక్కటి శుభ్రంగా నిలిచింది. ముక్క అంచునుంచి కణాలు బయటికొచ్చి, అడుగున అతుక్కుని, కాళ్లు చాపుకున్నాయి. వాటిని చూడడానికే పెందలాడే వెళ్లేదాన్ని.

అంతలో సీరం అయిపోయింది. దూడ నెత్తురు గడ్డకట్టాక పైన తేరే లేత పసుపు నీరు అది. ద్రవంలో అది కాస్త కలిస్తేనే నా కణాలు అడుగును పట్టుకునేవి. కొత్త సీసా కొనమని పెట్టిన ఇండెంటు ఆఫీసులో కదలలేదు. సీరం లేకుండానే ద్రవం మార్చాను. మర్నాటికి కణాలు కాళ్లు ముడుచుకుని గుండ్రంగా అయ్యాయి. సాయంత్రానికి కొన్ని ఊడి తేలాయి. ఇంకొక్క రోజు ఆగితే ఏవీ మిగలవు.

పక్క ల్యాబులో సీరం ఉందని తెలుసు. అక్కడి సీనియర్ మల్కాజ్‌గిరి ఆవిడ. ఖాళీ గొట్టంతో ఆమె గుమ్మంలో నిలబడ్డాను.

“ఏంది దొరసానీ, తొవ్వ తప్పినవా?”

“కొంచెం సీరం కావాలి మేడమ్. మళ్లీ ఇచ్చేస్తాను.”

ఆమె కిటికీలోంచి చూసింది. క్యాంపస్‌లో దీపాలు వెలిగాయి. “దీపాలు పెట్టినంక పాలు, పెరుగు, ఉప్పు, తెల్లటియి ఏవీ బయటికియ్యొద్దంటది మా అత్త.”

నేను వెనక్కి తిరిగాను.

“అరే, ఆగు! గింత మాటకే కోపమా? ఇది పసుపుగున్నది గదా, ఇయ్యొచ్చు.”

ఫ్రీజర్‌లోంచి తీసిన గొట్టాన్ని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని కరిగించింది. “నీ పిల్లలు సస్తుంటె గూడ అడగవా?” అంది మెల్లగా. నేను ఖాళీ గొట్టం మూత తీసి పట్టుకున్నాను.

ఇద్దరం కలిసి ద్రవం మార్చాం. ఊడినవి తిరిగి రాలేదు. అతుక్కుని ఉన్నవి మాత్రం మర్నాటికి మళ్లీ కాళ్లు చాపాయి. మైక్రోస్కోపు దగ్గర ఆమే ముందు చూసి, “లేచినయ్” అని నా భుజం నొక్కింది.

ఇండెంటు కదలకముందే కొత్త సీసా తెచ్చి ఆమెకిచ్చాను. “పిచ్చి లేసిందా నీకు?” అని తిట్టి, అందులో సగం నాకోసం విడిగా పోసిపెట్టింది. ఆ సీసా కోసం ముత్తాతగారి వెండి మరచెంబును నల్లకుంటలో అమ్మాను.