భివండీ చేరని పటం

1979లో నేను హనుమకొండలో ఒక సాంస్కృతిక సంస్థ జిల్లా ఆఫీసులో ప్రోగ్రామ్ అసిస్టెంట్‌గా చేరాను. ఆఫీసంటే చౌరస్తా దగ్గర ఒక బట్టల దుకాణం మీద రెండు గదులు. ఆ ఏడాదే మా సంస్థ ఒక కొత్త పథకం పెట్టింది. జిల్లా కళాకారులెవరైనా కొత్త నాటకమో, కొత్త బొమ్మో, కొత్త కథో తయారుచేస్తామంటే ఏడాదిపాటు బతకడానికి కొంత, సామానుకు కొంత ఇచ్చేవాళ్లం. దాన్ని గ్రాంట్ అనేవాళ్లం. దాంతోపాటు ఒక గైడ్‌ను కూడా పెట్టేవాళ్లం. గైడ్ అంటే అప్పుడప్పుడూ వచ్చి పని చూసి, ఎక్కడైనా అడ్డం పడితే దారి చెప్పే అనుభవజ్ఞుడు. కళాకారుడికీ గైడ్‌కీ మధ్య తిరుగుతూ పని ముందుకు నడిపించడం నా ఉద్యోగం. రిటైరయ్యేదాకా అదే చేశాను. నా చేతుల మీదుగా బయటికొచ్చిన వాటిలో చాలావరకు నాకిప్పుడు గుర్తు లేవు. కొమురయ్య పటాన్ని మాత్రం మరిచిపోలేకపోతున్నాను.

కొమురయ్యది వర్ధన్నపేట దగ్గర ఒక పల్లె. వాళ్లు కూనపులి వాళ్లు. పద్మశాలీల వాడలకు వెళ్లి, పటం చూపిస్తూ వాళ్ల కులపురాణం చెప్పడం తాతల కాలం నుంచి వాళ్ల వృత్తి. పటమంటే నిలువుగా వేలాడే పొడవాటి గుడ్డ. దాని మీద ఎర్రటి నేల రంగులో వరసలు వరసలుగా బొమ్మలుంటాయి. పైనుంచి చుట్టుకుంటూ, కిందికి విప్పుకుంటూ ఒక్కో వరస చూపించి కథ చెబుతారు. కొమురయ్య చెబుతుంటే భార్య లచ్చమ్మ తాళాలు వాయిస్తూ వంత పాడేది. గ్రాంట్ అడగడానికి వాళ్లు మా ఆఫీసుకు వచ్చిన రోజు, వెంట పటాలు వేసే రాజలింగం కూడా వచ్చాడు. ముగ్గురూ మెట్లెక్కి వచ్చి, కుర్చీలున్నా కింద కూర్చున్నారు.

"ఇంతకుముందు మేం పోతే వాడంత పండుగ లెక్క ఉండేది బిడ్డా. ఇప్పుడు ఏ ఇంటికి పోయినా తాళం కప్పే," అన్నాడు కొమురయ్య. "మగ్గాలు బందయినయి. అందరు బీవండి పోయిండ్లు, షోలాపూర్ పోయిండ్లు. తాళాలకు కథ చెప్తమా?" బీవండి అని వాళ్లనేది మహారాష్ట్రలోని భివండీని. షోలాపూర్ లాగే అదీ మిషన్ మగ్గాల ఊరే.

"మరి కొత్తగా ఏం చేద్దామనుకుంటున్నవు పెద్దయ్యా?" అని అడిగాను.

"కథకు తోక పెట్టాలె. మొదటాయన తామర నారతోని గుడ్డ నేసిన కాడ మా కథ మొదలైతది. ఎన్కటి రాజులతోని అయిపోతది. ఆ తర్వాత కథ లేదు. మగ్గం పాడువడ్డది, రైలెక్కిండ్లు, అక్కడ మిషన్ మగ్గాల కాడ పడ్డరు. గదంత పటం మీదికి రావాలె. వచ్చినంక ఆ పటం పట్టుకొని నేను, ఇది, ఇద్దరం బీవండి పోతం. మా వాళ్లు యాడుంటే ఆడికి పోవాలె గదా, అది మా ధర్మం."

"పటం లేకుండ పోతే?"

సమాధానం లచ్చమ్మ చెప్పింది. "పటం ఉంటే కథ చెప్పేటోళ్లం బిడ్డా. లేకుంటే అడుక్కునేటోళ్లం."

వాళ్లకు గ్రాంట్ వచ్చింది. గైడ్‌గా హైదరాబాద్‌లో చిత్రకళ పాఠాలు చెప్పి రిటైరైన ఒక పెద్దాయనను వేశారు. మంచి మనిషి. బస్సులో మోకాళ్లు పట్టేసినా వస్తానన్న రోజున వచ్చేవాడు. అయితే చివరి వరసల చిత్తుబొమ్మలు చూడగానే ఆయన ముఖం చిట్లించాడు.

"ఇనుప మగ్గాలూ, రైలూ ఈ ఎరుపు మీద నిలబడవు రాజలింగం. పాత కథ వరకే వెయ్యి. సంప్రదాయం చెడగొట్టుకోవద్దు."

రాజలింగం తలొంచుకున్నాడు. కొమురయ్య ఊరుకోలేదు. "సార్, మా తాత పటంల రైలుబండి లేదు. ఎందుకంటే ఆయన కాలంల రైలెక్కి పోయినోడు లేడు. నా కాలంల వాడకు వాడే పోయింది. అది చెప్పకపోతే వాళ్లు నా కథ ఎందుకింటరు?"

గైడ్ సార్ చాలాసేపు చిత్తుకాగితాలు అటూ ఇటూ తిప్పాడు. తర్వాత, "సరే, వెయ్యి. కాని వేసేముందు మిషన్‌ను కళ్లారా చూసి వెయ్యి," అన్నాడు. మరుసటి నెల వచ్చినప్పుడు తానే రాజలింగాన్ని వరంగల్‌లో ఒక పవర్‌లూమ్ షెడ్డుకు, నేసేవాళ్లు లేని సెలవు రోజున తీసుకెళ్లి, పక్కన నిలబడి మిషన్లను గీయించాడు. గైడ్ అన్నవాడు ఎలా ఉండాలో ఆ రోజు చూశాను.

బొమ్మలు గుడ్డ మీదికి ఎక్కకముందు, కాగితాల మీద ఉండగానే, ఒక మధ్యాహ్నం శాలీల వాడలో కథ చెప్పి చూపించాం. తయారవుతున్న పనిని వినేవాళ్ల ముందు పెట్టి లోటుపాట్లు తెలుసుకోవడాన్ని మేం ట్రయల్ అంటాం. మగవాళ్లు లేని వాడ. ఆడవాళ్లూ ముసలివాళ్లే కూర్చున్నారు. మిషన్ మగ్గం బొమ్మ దగ్గరికి రాగానే సత్తెమ్మ అనే ఆవిడ లేచింది.

"కూసోబెట్టినవేంది అన్నా? బీవండిల కూసోరు. నిలవడి నేస్తరు. మా ఆయన కాళ్లకు నరాలు ఉబ్బి తాళ్ల లెక్క అయినయి."

రాజలింగం అక్కడికక్కడే ఆ మనిషిని చెరిపేసి నిలబెట్టి వేశాడు. పిక్కల మీద నరాలు గీశాడు. సత్తెమ్మ వంగి చూసి, "అచ్చం ఆయనే," అని కొంగు నోట్లో పెట్టుకుంది. ఇక వరసగా మొదలుపెట్టారు. వాళ్లు పడుకునే ఇరుకు గదిని, ఖోలీని, వేయమన్నారు ఒకరు. వంట ఎవరు చేస్తారో చూపించమన్నారు ఇంకొకరు. అందరి మాటలూ వింటూ కొమురయ్య అప్పటికప్పుడే కథ కట్టి పాడుతుంటే లచ్చమ్మ గొంతు కలిపింది. ఈ పనిలో నేను సంతోషంగా ఉన్న రోజు ఏదని ఎవరైనా అడిగితే ఆ మధ్యాహ్నమే చెబుతాను.

పటం పూర్తయింది. అన్ని రంగులూ అయ్యాక చివర్లో కళ్లు పెడతారు. కళ్లు పెట్టేదాకా అది గుడ్డ. పెట్టాక దేవుడు. రాజలింగం తలస్నానం చేసి, కొబ్బరికాయ కొట్టి, ఒక్కొక్క బొమ్మకూ కళ్లు దిద్దాడు. మిషన్ మగ్గాల దగ్గర నిలబడ్డవాళ్లకూ అలాగే భక్తితో దిద్దాడు.

కొత్త పటానికి కళ్లు వస్తే పాత పటాన్ని గంగలో కలపాలి. అది వాళ్ల ఆచారం. ఏటూరునాగారం బస్సెక్కి గోదావరికి పోయాం. నేనూ వెంట వెళ్లాను. పాత పటం కొమురయ్య ఒళ్లో ఉంది. అది ఆయన తండ్రి చూపిస్తూ కథ చెప్పిన పటం. కొసలు చివికిపోయి దారాలు వేలాడుతున్నాయి.

రేవు దగ్గర లచ్చమ్మ ఆగింది. "జర ఆగు. కొత్తది హైదరాబాద్ పోయి రానీ. ఇంటికొచ్చినంక దీన్ని కలుపుదాం."

గ్రాంట్‌తో తయారైనదాన్ని మొదట హైదరాబాద్‌లో మా సంస్థ ఎగ్జిబిషన్‌లో పెట్టి, నెల తర్వాత కళాకారుడికి తిరిగి ఇవ్వడం రూలు. లచ్చమ్మ అన్నది దాని గురించే.

"ఫికర్ ఎందుకే? రెండు దేవుళ్లు ఒక్క ఇంట్ల ఉండొద్దు," అని కొమురయ్య నడుములోతు నీళ్లలోకి దిగాడు. గుడ్డ కొంచెంసేపు తేలింది. తర్వాత మునిగింది. ఆయన దణ్ణం పెట్టుకుని ఒడ్డుకొచ్చాడు.

ఎగ్జిబిషన్ మొదటిరోజు ఇద్దరినీ తీసుకుని హైదరాబాద్ వెళ్లాను. కథ చెప్పమంటారనుకుని కొమురయ్య కొత్త రుమాలు చుట్టుకున్నాడు. లచ్చమ్మ తాళాలు సంచిలో పెట్టుకుంది. హాల్లోకి అడుగుపెట్టి చూస్తే మా పటం లేదు. గోడల నిండా అద్దాల ఫ్రేములు. ఒక్కో ఫ్రేములో మా పటంలోని ఒక్కో ముక్క.

కత్తిరించి ఫ్రేము కట్టడాన్ని అక్కడ మౌంటింగ్ అన్నారు. ఆఫీసరొకాయన నాకు నచ్చజెప్పాడు. "అంత పొడవు గోడ మాకెక్కడిదండీ? చుట్టి పెడితే రంగు పెచ్చులూడుతుంది. ఇలా అయితే వందేళ్లుంటుంది. చూసేవాళ్లకూ వీలు." ఆ గొంతులో ఏ దురుద్దేశమూ లేదు. పటాన్ని కాపాడాననే అనుకుంటున్నాడు. గైడ్ సార్ ఒక మూల కుర్చీలో కూలబడి ఉన్నాడు. "నన్నొక్క మాట అడగలేదమ్మా," అని మాత్రం అన్నాడు.

ముక్కలను కథ వరసలో కూడా పెట్టలేదు. గోడ వీలును బట్టి తగిలించారు. కొమురయ్య కథలో మొదటి బొమ్మను వెతుక్కుని దాని ముందు నిలబడ్డాడు. తర్వాతిది ఎదుటి గోడకుంది. అక్కడికి పోయాడు. దాని తర్వాతి బొమ్మ కోసం మళ్లీ ఇటు వచ్చాడు. పెదవులతో కథ వరస చెప్పుకుంటున్నాడు. ఆయన వెనకాలే లచ్చమ్మ. చూడవచ్చినవాళ్లు మర్యాదగా పక్కకు తప్పుకుంటున్నారు.

ఒకచోట ఆగి నన్ను పిలిచాడు. ఫ్రేము కింద మూలన అతికించిన ఎర్రటి గుండ్రని కాగితం చూపించాడు.

"ఈ బొట్టేంది బిడ్డా? పూజ చేసిండ్లా?"

అది అమ్ముడుపోయిందని చెప్పే గుర్తు. తిరిగి ఇవ్వాల్సిన పటాన్ని, రూలు పక్కనపెట్టి, ముక్కలుగా అమ్మకానికి పెట్టారు. ఆ మాట నేనే చెప్పాల్సి వచ్చింది.

ఆయన అద్దం మీద చెయ్యి పెట్టి, "కండ్లు పెట్టినంక కోసిండ్లా?" అన్నాడు.

ఆ తర్వాత నేను చేయగలిగిందంతా చేశాను. పైఆఫీసు చుట్టూ తిరిగాను. కొన్నవాళ్ల చిరునామాలు అడిగాను. కొందరు ఊళ్లో లేరు, కొందరు దేశంలోనే లేరు. ఒకావిడ నన్ను హాల్లో కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి, ఆ ముక్క తమ గోడకు ఎంత అందంగా ఉందో చూపించింది. కొత్త పటానికి మళ్లీ గ్రాంట్ అడిగితే ఒకసారి ఇచ్చినవాళ్లకు మరోసారి ఇవ్వరాదన్నారు. రాజలింగం దగ్గరికి పోయి, నేను ఎలాగో గుడ్డ తెస్తాను, మళ్లీ వేస్తావా అని అడిగాను.

"నేను కండ్లు పెట్టిన దేవుణ్నే కోసిండ్లు. మళ్ల కండ్లు పెట్టుమంటే నాతోని కాదు అమ్మా," అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు కూడా ఆయన ముందు చిన్న చిన్న అట్టముక్కలున్నాయి. ఎగ్జిబిషన్ తర్వాత ఫ్రేముల్లోకి సరిపోయే బొమ్మలకు హైదరాబాద్ నుంచి ఆర్డర్లు వస్తున్నాయి. పిల్లలు గలవాడు. ఆయననేమనగలను?

అమ్ముడుపోకుండా మిగిలినవి మూడే ముక్కలు. రైలుబండి, ఖోలీ, మిషన్ మగ్గం ముందు నిలబడ్డ మనుషులు. వాటిని ఎవరూ అడగలేదట. తెచ్చి కొమురయ్యకిచ్చాను. ఆయన ఫ్రేములు ఊడదీసి గుడ్డల్ని మడతపెట్టుకున్నాడు.

"వీటినేం చేస్తవు పెద్దయ్యా? గంగలో కలుపుతవా?"

"పురాణపోళ్లయితే కలుపుదును. వీళ్లు బతికున్నోళ్లు గద బిడ్డా. బతికున్నోళ్లను నీళ్లల్ల ఎట్ల వేస్త?"

కొన్నాళ్లకు ఇద్దరూ భివండీ వెళ్లిపోయారని తెలిసింది. ఆ మూడు ముక్కలూ వెంట తీసుకెళ్లారని కూడా.

మూడు నాలుగేళ్ల తర్వాత మేడారం జాతరలో మా సంస్థ తరఫున డ్యూటీ పడింది. మధ్యాహ్నం ఎండలో, నెత్తిన బెల్లం మూటతో గద్దెల వైపు పోతున్న జనంలో లచ్చమ్మ కనిపించింది. పిలిస్తే గుర్తుపట్టి పక్కకొచ్చింది. చిక్కి సగమైపోయింది.

"పెద్దయ్య రాలేదా?"

"రాలె. షెడ్ల కాపలా ఉంటాండు. సెలవియ్యలె."

"అక్కడ కథ చెబుతున్నాడా?"

లచ్చమ్మ మూట దించి, ముఖం తుడుచుకుంది. "పోయిన కొత్తల ఒక్కసారి చెప్పిండు. ఆదివారం మనోళ్లందరు జమైండ్లు. ఆ మూడు గుడ్డలే గోడకు కట్టిండు. కథ ఎత్తుకున్నడు. నేను వంత పాడిన. జరసేపు ఇన్నరు. ఆనక సత్తెమ్మ పెనిమిటే లేసి అన్నడు, 'తాతా, ఈ మిషను, ఈ ఖోలీ మేం రోజు చూసేటియే. మన తామర నార బొమ్మ ఏది? మొదటాయన ఏడి? అవి చూద్దామని వస్తిమి.' ఏం చెప్పాలె బిడ్డా? కట్టిన గుడ్డలు ఇప్పుకొని వచ్చిండు. జాలివడి చారాణ, ఎనిమిదాణాలు చేతుల పెట్టిండ్లు. ఆ దినం సంది కథ అనే మాట ఎత్తలె. ఇంట్ల సుత రాగం తియ్యడు. నేను కూనిరాగం తీసినా లేసి బయటికి పోతాండు."

తల్లుల దర్శనానికి ఆలస్యమవుతోందని మూట ఎత్తుకుంది. నేను చెయ్యి వేసి నెత్తికెత్తాను. జనంలో కలిసిపోయింది. ఆ తర్వాత వాళ్ల గురించి నాకేమీ తెలియలేదు.

చివరి వరసలు వేయించడానికి మేమంతా కొట్లాడాం. గెలిచాం కూడా. పరాయి ఊళ్లో నిలబడి నేసేవాడు చూడాలనుకున్నది మాత్రం తన మొదటి వరసను. కొత్త కథ ఆ పాత కథకు తోకగానే నిలుస్తుంది. ఆ సంగతి కొమురయ్యకు మొదటి రోజు నుంచే తెలుసు. గోడకు తగిలించినవాళ్లకు తెలియలేదు. కళాకారుడికి డబ్బివ్వడం, గైడ్‌ను పెట్టడం సగం పనే. తయారైనది దాని మనుషుల దగ్గరికి చేరేదాకా ఎవరో ఒకరు దాన్ని పట్టుకుని ఉండాలి. ఆ మనిషి కోసం మా పథకంలో ఏనాడూ చోటు లేదు. ఏటా సమీక్షా సమావేశంలో నేను లేచి ఈ సంగతి చెప్పేదాన్ని. అందరూ నిజమేనని తలూపి, తర్వాతి అంశానికి వెళ్లిపోయేవారు.