ఆగండిగారి పుస్తకంలో నా పేరు

మా కాలనీ సంఘంలో మినిట్సు రాసే పెద్దాయన మనమన్న ప్రతి మాటా పుస్తకంలోకి ఎక్కించి మున్సిపల్ ఆఫీసుకు చేరవేస్తాడనీ, ఆయన మూలంగానే మా పార్కు చేజారబోయిందనీ ఒక పుకారు మీ చెవిన కూడా పడే ఉంటుంది. అది శుద్ధ అబద్ధం. అంత గట్టిగా ఎలా చెప్పగలనంటారా? ఆ పుకారును కని, పెంచి, వీధిలోకి వదిలింది నేనే. కాబట్టి దాని పీక నొక్కాల్సిందీ నేనే.

ఆయన అసలు పేరు ఎవరూ వాడరు. 'ఆగండిగారు' అంటే మాత్రం చంటిపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. ఆ మనిషికి ఉన్నది ఒకటే జబ్బు. ఎవరైనా గట్టిగా నోరు తెరిస్తే చాలు, చూపుడువేలు పైకెత్తి "ఆగండి, రాసుకోనివ్వండి" అంటారు. కోర్టులో నకళ్ళు రాసే గుమాస్తాగా ముప్పైమూడేళ్ళు చేశారు. కోర్టు ఆయన్ని వదిలింది గానీ ఆయన కోర్టును వదల్లేదు. ఒకసారి చెబితే రాయరు. రెండోసారి చెప్పించుకుంటారు. మూడోసారి కూడా చెప్పించుకుని, అప్పుడు పెన్ను కదుపుతారు.

"ఇంట్లో కూడా ఇంతేనా తల్లీ?" అని వాళ్ళావిడను అడిగాను. అడక్కుండా ఉండే గుణం నాకు పుట్టుకతోనే లేదు.

"మా ఇంట్లో పెద్ద గొడవన్నది జరగలేదు పెద్దమ్మా," అందావిడ. "ఆయనతో గొడవ పడాలంటే ముందు డిక్టేషన్ చెప్పాలి. అంత ఓపిక ఎవరికుంది?"

మా సంఘం ప్రెసిడెంటు పళ్ళ డాక్టరు. పేషెంట్లు వెళ్ళిపోయాక సాయంత్రాలు ఆయన క్లినిక్కులోనే మా సమావేశాలు. గోడ మీద మనిషంత దంతం బొమ్మ, కింద మేము. నోరు తెరవమనడం ఆయన వృత్తి, మూసుకోమనడం ఆయన పదవి. రెండోదాంట్లో ఆయనకు పెద్దగా పేరు రాలేదు.

నీళ్ళ ట్యాంకు పక్కన పాడుబడ్డ స్థలం ఒకటుంటే, పార్కు చేసుకోమని మున్సిపాలిటీ మాకు రెండేళ్ళకు ఇచ్చింది. కలిసిమెలిసి నడుపుకోవాలి, నెలనెలా కూర్చుని మాట్లాడుకోవాలి, మాట్లాడుకున్నది పుస్తకంలో రాయాలి. రెండేళ్ళయ్యాక వచ్చి చూస్తారు. బాగుంటే పార్కు మాదే. లేదంటే అక్కడ కార్లు నిలుపుకోవడానికి సిమెంటు పోసేస్తారు. ఇరవై రెండు బళ్ళ ఇటుకముక్కలు ఎత్తిపోశాం. నేను కూడా మోకాళ్ళనొప్పులు మరిచి తట్ట అందించాను. స్థలం శుభ్రపడ్డాక మాకు తీరిక దొరికింది. తీరిక దొరగ్గానే తగవులు మొదలయ్యాయి.

మొదటి తగవు బెంచీలది. ఆరు బెంచీలొచ్చాయి. ఆరూ మొక్కలవైపు తిప్పి వేద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు.

"ఒక్కటన్నా రోడ్డువైపు వెయ్యండి. మొక్కలెక్కడికి పోతాయి, వాటిని కాపలా కాయడానికి?"

"పెద్దమ్మగారికి కావాల్సింది బెంచీ కాదు, చెక్‌పోస్టు," అంది మేడమీద టీచరమ్మ.

"నీ మొహం! మీ ఇంటికెవరొస్తున్నారో నాకు తెలిసిపోతుందని నీ ఏడుపు!"

వేలు లేచింది. "ఆగండి, రాసుకోనివ్వండి. 'నీ మొహం' దగ్గర ఆగారా అమ్మా, కలిపి అన్నారా?"

"కలిపే అన్నాను."

"మళ్ళీ ఒక్కసారి అనండి."

మీరు ఎప్పుడన్నా ఒకే తిట్టును రెండోసారి నెమ్మదిగా తిట్టి చూశారా? చల్లారిన కాఫీ నయం. "వచ్చేపోయేవాళ్ళు కనబడాలి అంటున్నాను," అన్నాను.

"ఇంకొక్కసారి అమ్మా, పెన్ను ఆగింది."

"అబ్బబ్బ! అబ్బాయీ కోడలూ పనికెళ్ళాక పగలంతా ఒక్కదాన్నే. మనుషులు కనబడితే పొద్దుపోతుంది. రాసుకోండి మహాప్రభో!"

టీచరమ్మ వెంటనే సరేనని తలూపింది. ఒక బెంచీ రోడ్డువైపు పడింది. నా వాదన బలం అంతటిదని వారం రోజులు చెప్పుకు తిరిగాను.

తరవాత నడకదారి తగవు. డాక్టరుగారు కుడివైపు నుంచి తిరుగుతారు, టీచరమ్మ ఎడమవైపు నుంచి. ఇరుకు దారిలో రోజుకు పదిసార్లు ఎదురుపడి, పదిసార్లూ ఎవరు తప్పుకోవాలన్న పంతం. మూడు సమావేశాలు దానికే సరిపోయాయి. మూడోదాంట్లో ఇద్దరూ కొట్టుకోవడానికి కుర్చీలెత్తారు. ఆగండిగారు "ఆగండి, కుర్చీ ముందు ఎవరెత్తారు? వరస తప్పకూడదు," అంటే ఇద్దరూ సిగ్గుపడి దింపేశారు.

ఇంతవరకూ నవ్వుకుంటూ రాశాను. ఇకనుంచి నా చెయ్యి కాస్త వెనకాడుతోంది.

ఆ ఎండాకాలం మొక్కలు మాడిపోయాయి. తోటమాలి నడివయసు మనిషి, నెమ్మదస్తుడు. నేను గేటు దాటగానే "పెద్దమ్మా, నడకకొచ్చారా?" అని ముందు పలకరించేవాడు. మొక్కల సంగతి చెప్పమని ఆ రోజు సమావేశానికి పిలిపించాం. వచ్చి, ఆకుపచ్చ యూనిఫారం చొక్కాతో దంతం బొమ్మ కింద నిలబడ్డాడు. అందరూ తలా ఒక మాట అంటున్నారు. నా వంతు రాగానే నోరు ఊరుకోలేదు.

"ఇతని చేతిలో పచ్చగా బతికి బట్టకట్టింది ఇతని చొక్కా ఒక్కటే!"

గది గదంతా నవ్వింది. అతనూ నవ్వాడు. మనమీదే జోకు పడ్డప్పుడు, అందరూ నవ్వుతుంటే మనం మాత్రం ఏం చేస్తాం, అలాంటి నవ్వు. ఆగండిగారి వేలు లేచింది. రెండోసారి అడిగారు, మూడోసారి అడిగారు. విసుక్కుంటూ ఏదో చెప్పాను. ఏం చెప్పానో గుర్తులేదు. మొదటిదే గుర్తుంది, నలుగురూ నవ్వారు కాబట్టి. మర్నాటి నుంచి తోటమాలి నన్ను చూస్తే పలకరించడం మానేసి, వంగి గడ్డి పీకేవాడు. గడ్డి లేని చోట కూడా పీకేవాడు.

రెండేళ్ళు నిండాయి. ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఫలానా తేదీన ఆఫీసరు వస్తారు, పార్కు చూస్తారు, సమావేశాల పుస్తకం ఆసాంతం చదువుతారు అని. మనం అన్నవన్నీ పొల్లుపోకుండా చదివితే, కలిసిమెలిసి ఉన్నామని ఏ ఆఫీసరు నమ్ముతారు? అసలు పుస్తకం మొత్తం చదవాలని వాళ్ళకెందుకు పుట్టింది? అప్పుడు గుర్తొచ్చింది. పుస్తకం చంకలో పెట్టుకుని ఆగండిగారు రోడ్డుకు అవతలున్న మున్సిపల్ ఆఫీసు మెట్లెక్కడం రోడ్డువైపు బెంచీ మీద నుంచి రెండుసార్లు నా కళ్ళతో చూశాను.

వెళ్ళి ఇస్త్రీ కొట్టు ఆవిడకు చెప్పాను. "ఎవరికీ చెప్పకు," అని కూడా అన్నాను. మా వీధిలో ఆ మాటకు 'త్వరగా చెప్పు' అని అర్థం. సాయంత్రానికి నా పుకారు కోడలి నోట నాకే తిరిగొచ్చింది. అప్పటికి దానికి కాళ్ళూ చేతులే కాదు, మీసాలు కూడా మొలిచాయి.

"ఆయన జేబులో మాటలు పట్టేసే మిషను కూడా ఉందట అత్తయ్యా!"

"అవునా!" అని నేనే నోరెళ్ళబెట్టాను. నేను పుట్టించినదాన్ని నేనే నమ్మాను.

సమావేశంలో లేచి మొహం మీదే అడిగేశాను. "ఇంటిగుట్టు ఆఫీసుకు మోసేవాడి చేతిలో పుస్తకం ఉంచుతామా?"

అలవాటు కొద్దీ వేలు లేచింది. "ఆగండి, రాసుకోనివ్వండి. 'మోసేవాడు' అన్నది నన్నేనా అమ్మా?"

ఎవరూ నవ్వలేదు. మూడుసార్లూ చెప్పించుకున్నారు. రాసుకున్నారు. తన మీద నేరం తానే తీరిగ్గా రాసుకున్న మనిషిని మొదటిసారి చూశాను. తరవాత పెన్నుకు మూత పెట్టి, పుస్తకం నా చేతిలో పెట్టి, చెప్పులేసుకుని వెళ్ళిపోయారు.

పుస్తకం నా బీరువాలోకి వచ్చింది. నా సంగతి మీకు తెలుసుగా, ఆ మధ్యాహ్నమే తీశాను. తీస్తే ఏముంది? అంతా గొలుసుకట్టు రాత. అక్షరానికీ అక్షరానికీ సందు లేదు, చీమలు బారులు తీరినట్టు. నాది ఐదో తరగతి చదువు. కళ్ళజోడు తుడుచుకుని తుడుచుకుని చూస్తే తెలిసినవి రెండే, పేజీ పైన తారీఖు, పేజీ నిండా 'పెద్దమ్మగారు'. ఏ పేజీ తిప్పినా నేనే. చొక్కా మాట అన్న తారీఖు పేజీలో నాలుగుచోట్ల నేను, కూడబలుక్కుంటే మూడుచోట్ల తోటమాలి.

ఆఫీసరు ఆ మాట పైకి చదువుతారు. అతను గడ్డి పీకుతూ వింటాడు. నవ్వడానికి ఈసారి ఎవరూ ఉండరు.

ఆ కాగితం చించేశాను. మడిచి కళ్ళజోడు పెట్టెలో దాచాను. ఒక చెడ్డపనిని ఇంకో చెడ్డపనితో కప్పిపెట్టడం అంత సులువని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆఫీసరు పొద్దున్నే వచ్చారు. ఆవిడ పార్కంతా తిరిగి, బెంచీ మీద కూర్చుని పుస్తకం తెరిచారు. తెరవగానే మొహం వెలిగిపోయింది. "ఎన్నాళ్ళయింది ఈ రాత చూసి! మా నాన్నగారూ గుమాస్తాయే," అని పైకి చదవడం మొదలుపెట్టారు. మేమంతా తలలు దించుకున్నాం.

"'నడకదారి ఇరుకుగా ఉన్నందున, ప్రెసిడెంటుగారూ టీచరమ్మగారూ ఒకరికొకరు దారి ఇవ్వడం గురించి మాట్లాడుకున్నారు.'"

డాక్టరుగారికి దగ్గొచ్చింది. టీచరమ్మ ఆకాశం చూసింది.

"'పగలు ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళకు మనుషులు కనబడేలా ఒక బెంచీ రోడ్డువైపు వేయాలని పెద్దమ్మగారు కోరారు. టీచరమ్మగారు వెంటనే ఒప్పుకున్నారు.'" ఆవిడ తలెత్తి, "ఎంత బాగా ఆలోచించారు!" అన్నారు.

నా వెనక ఇంకో పెద్దమ్మ ఎవరన్నా ఉందేమోనని తిరిగి చూశాను.

అంతలో ఆవిడ చెయ్యి ఆగింది. "నలభయ్యో పేజీ తరవాత నలభైమూడు ఉందే? మధ్య కాగితం ఎవరో చించారు. నాకు ముఖ్యంగా కావాల్సింది అదే. సంఘం పుస్తకంలో కాగితం మాయమైతే నేనేమనుకోవాలి? ఇలాగైతే నేను సంతకం పెట్టలేను."

అందరి వెనకాల గేటు దగ్గర నిలబడ్డ ఆగండిగారు ముందుకొచ్చారు. "నేనే చించానండి. ఇంకు ఒలికింది."

ఆవిడ చివరి పేజీ తిప్పారు. "మీ రాతలోనే ఉంది చూడండి. 'పుస్తకం విషయంలో సభ్యులు భయపడుతున్నందున, పేజీలన్నీ సరిచూసి దాన్ని పెద్దమ్మగారి దగ్గర భద్రంగా ఉంచడమైనది.' మీ దగ్గర లేని పుస్తకం మీద ఇంకు ఎలా ఒలికిందండీ?"

ముప్పైమూడేళ్ళు అక్షరం కొట్టివేయని మనిషికి అబద్ధం చేతకాలేదు. ఆవిడ పెన్ను మూత పెట్టబోయారు. మూత పడిందంటే సిమెంటు పడ్డట్టే.

"ఆగండి," అన్నాను. కళ్ళజోడు పెట్టె తెరిచి మడత కాగితం ఇచ్చాను. "చించింది నేను. నా నోటిదురుసు నలుగురిలో వినలేక."

ఆవిడ మడత విప్పి చదివారు. "'తోటమాలి ఒక్కడే దూరం నుంచి నీళ్ళు మోస్తున్నందున మొక్కలు బతకడం లేదని, పార్కులోకి కొళాయి వేయించాలని పెద్దమ్మగారు అడిగారు. సభ్యులందరూ ఒప్పుకున్నారు.' ఇందులో దురుసేముందమ్మా? ఈ కాగితం చూపించే కదా ఈయన మా ఆఫీసుకు తొమ్మిదిసార్లు వచ్చారు! 'రేపు రండి' అంటే, 'ఆగండి, రాసుకోనివ్వండి. రేపంటే ఏ తారీఖు?' అంటారు. ఈయన్ని తప్పించుకోలేక మావాళ్ళు కొళాయి మంజూరు చేసేశారు. అప్పుడిచ్చిన నకలును ఈ అసలుతో సరిచూసుకోవాలి."

ఆఫీసుకు ఆయన మోసింది అదీ!

తోటమాలి గడ్డి పీకడం ఆపి లేచాడు. "కొళాయి మీరడిగారా పెద్దమ్మా?"

అవునంటే పోయేది. పుస్తకమే సాక్షి. "లేదు నాయనా," అన్నాను. "నేనన్నది నీకూ తెలుసు. తప్పయింది."

అతను చొక్కా దులుపుకున్నాడు. "ఎండ ఎక్కుతోంది పెద్దమ్మా, ఇలా నీడలోకి రండి," అన్నాడు.

ఆఫీసరమ్మ సంతకం పెట్టి వెళ్ళారు. పార్కు మాదైంది. అందరూ చప్పట్లు కొట్టి ఎవరిళ్ళకు వాళ్ళు పోయారు. ఆగండిగారొక్కరే రోడ్డువైపు బెంచీ మీద కూర్చుని, ఆవిడ సరిచూసి తిరిగిచ్చిన అసలు కాగితాన్ని జిగురుతో పుస్తకంలో అతికిస్తున్నారు. వెళ్ళి పక్కన కూర్చున్నాను. క్షమించమని అడగాలని వెళ్ళాను. నోరు మళ్ళీ దాని దారి అది చూసుకుంది.

"నేనన్నది మీరు రాయలేదు. మీరు రాసింది నేనన్లేదు. కోర్టులో పనిచేసినవారు, నాకోసం అబద్ధం ఎందుకు రాశారండీ?"

వేలు లేచింది. నేను ఆగాను. ఆయన జిగురు ఆరేదాకా కాగితం మీద ఊది, పుస్తకం మూసి, అప్పుడన్నారు.

"అబద్ధం కాదమ్మా. మూడోసారి అడిగినప్పుడు మీరన్నది అదే. 'ఒక్కడు అంత దూరం నుంచి నీళ్ళు మోస్తే మొక్కలేం బతుకుతాయి, కొళాయన్నా పెట్టించి చావండి' అన్నారు. లైనులో చోటు చాలక 'చావండి' ఒక్కటే వదిలేశాను."