ఆమె వక్కాకు, నా గుట్కా

మా ఇంట్లో ఒక ఒప్పందం ఉండేది. దాన్ని కాగితం మీద రాసుకోలేదు, పెద్దలెవరూ కూర్చుని మాట్లాడలేదు. నేను గుట్కా మానితే నా భార్య పొగాకు మానాలి. ఆమె పొగాకు మానితే నేను గుట్కా మానాలి. ఎవరు ముందు మానాలన్నది మాత్రం తేలలేదు. అది తేలకపోవడం వల్లే మా ఒప్పందం పదేళ్ళు చెక్కుచెదరకుండా నిలిచింది.

ఆమె నా మేనమామ కూతురు. మాది ముళబాగిలు పక్క పల్లె. పెళ్ళయ్యాక బెంగళూరు వచ్చి వర్తూరులో కాపురం పెట్టాం. అప్పటికి చెరువు గట్టు మీద ముక్కు మూసుకోకుండా నడవగలిగేవాళ్ళం. పెద్దపిల్ల పుట్టిన కొత్తల్లో పంటి నొప్పని ఆమె ఏడిస్తే, మా అమ్మే వక్కాకులో చిటికెడు కడ్డిపుడి కలిపి పెట్టింది. కడ్డిపుడి అంటే పొగాకు కాడలు దంచిన పొడి. బాలింతకు వక్కాకు మంచిదని అందరూ అనేవాళ్ళే కాబట్టి అందులో పొడి సంగతి ఎవరూ పట్టించుకోలేదు. పంటి నొప్పి వారంలో పోయింది, కడ్డిపుడి పోలేదు. ఆమె నడుముకు ఒక గుడ్డ సంచి వచ్చి చేరింది. ఆకులు, వక్కలు, సున్నం డబ్బీ, కడ్డిపుడి పొట్లం, అన్నీ అందులోనే.

నాకు ఫ్యాక్టరీలో అంటుకుంది. ఇనుప బీరువాలు చేసే చోట పెయింట్ షాపులో, అంటే రంగులు వేసే షెడ్డులో, పనిచేసేవాణ్ణి. చుట్టూ థిన్నర్ డ్రమ్ములు. జేబులో అగ్గిపెట్టె కనిపిస్తే గేటు దగ్గరే ఆపేసేవాళ్ళు. అలా బీడీ మానేశాను. మానేశానని పల్లెకు పోయినప్పుడు గొప్పలు కూడా చెప్పుకున్నాను. మా షాపులో దాదాపు అందరం బీడీ మానేసిన పుణ్యాత్ములమే, అందరి బుగ్గల్లోనూ ఏదో ఒకటి నానుతూ ఉండేది. నా పక్కన స్ప్రే గన్ పట్టుకునే పెయింటరు మొదటి పాకెట్ నా చేతిలో పెట్టాడు. "పొగ లేదు, నిప్పు లేదు, ఎవురికీ తెలీదు. వేస్కో గురూ," అన్నాడు. ముఖానికి మాస్కు ఉంటుంది, మాటిమాటికీ తీసి ఉమ్మడానికి కుదరదు. మొదటి వారం వాంతులు చేసుకున్నాను. రెండో వారానికి మింగడం వచ్చేసింది.

ఇంట్లో పోట్లాట వారానికి ఒకసారైనా జరిగేది.

"అద్దంలో నీ పండ్లు చూస్కో బావా. తుప్పు పట్టిన బీగం మాదిరుండాయి," అనేది.

"నీ సంచిలో ఉండేది ఏమి, కొబ్బరి తురుమా?"

"నాది మీ అమ్మ నేర్పించింది. దేవుని ముందర పెట్టే ఆకు, వక్క. నీ ప్లాస్టిక్ పాకెట్‌ని ఏ దేవుని ముందర పెడతారప్పా?"

"కడ్డిపుడి కూడా పెడతారా దేవునికి?"

"సరే. నువ్వు ఈ పొద్దు మాను, నేను రేపు మానేస్తా."

"నువ్వు ఇప్పుడు మాను, నేను సాయంత్రానికే మానేస్తా."

ఇంతటితో ఇద్దరికీ నవ్వొచ్చేది. ఆమె ఆకుకు సున్నం రాసుకునేది, నేను పాకెట్ మూల పళ్ళతో చింపేవాణ్ణి. నిజం చెప్పాలంటే ఆ సంచి ఆమె నడుముకు వేలాడుతున్నంత కాలం నాకు నిశ్చింతగా ఉండేది. నన్ను ఎవరైనా నిలదీస్తే చూపించడానికి ఇంట్లోనే ఒక మనిషి ఉంది.

అసలు మానాలని నేను చూడలేదా అంటే, చూశాను. ఉగాదికి ఒకసారి, పెద్దపిల్ల బడిలో చేరిన రోజు ఒకసారి, ధర్మస్థళ పోయి వచ్చాక ఒకసారి. పొద్దున ఒక పాకెట్ పడకపోతే కడుపు కదిలేది కాదు. దొడ్లో అరగంట కూర్చుని ఖాళీ చేతులతో తిరిగొచ్చేవాణ్ణి. బయట ఇంటి ఓనరు చెంబుతో నిలబడి దగ్గేవాడు. ఫ్యాక్టరీకి పోతే తల బద్దలైపోయేది, చెయ్యి కుదురుగా ఉండేది కాదు. ఒకసారి బీరువా తలుపు మీద రంగు జాలుగా కారిపోయింది. సూపర్‌వైజరు ఆ తలుపును అందరి ముందూ నిలబెట్టి, "ఇదేమప్పా, వాన కురిసిందా దీని మింద?" అన్నాడు. మధ్యాహ్నం లోపల పాకెట్ చింపాను. చెయ్యి కుదిరింది, రంగు కుదిరింది. ఆ సాయంత్రం నా మీద నాకు పుట్టిన అసహ్యాన్ని పోగొట్టుకోవడానికి ఇంకొకటి వేసుకున్నాను.

ఇలా ఏళ్ళు గడిచాయి. నోట్లో మార్పు నాకంటే ముందు మా ఆవిడకే తెలిసింది. మాది రాగిముద్ద తినే ఇల్లు. ముద్దను నమలం, తుంచి, పులుసులో పొర్లించి, గుటుక్కున మింగుతాం. చిన్నప్పుడు నేను తుంచిన ముక్క నిమ్మకాయంత ఉండేది. రానురాను ఉసిరికాయంత అయింది, ఆ తరవాత రేగుపండంత. నేను గమనించలేదు. ఆమె గమనించి ముద్దను కొంచెం జారుగా చేయడం మొదలుపెట్టింది. పులుసులో కారం తగ్గించింది, ఎందుకంటే కారం తగిలితే నా బుగ్గల లోపల మంట పుట్టి కళ్ళలో నీళ్ళు తిరిగేవి. చప్పగా ఉందని పిల్లలు గోల చేస్తే, "కొత్త మిరక్కాయలు, కారం లేదు వాట్లో," అని వాళ్ళ నోరు మూయించింది. ఆ మిరపకాయల మాట నేను కూడా నమ్మాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఫ్యాక్టరీకి పళ్ళ డాక్టర్ల క్యాంపు వచ్చింది. మా పెయింట్ షాపు వాళ్ళని వరసగా నిలబెట్టారు. నా వంతు వచ్చినప్పుడు చిన్న వయసు డాక్టరమ్మ, నోట్లో మూడు వేళ్ళు ఒకదాని మీద ఒకటి నిలువుగా పెట్టమంది. నావే వేళ్ళు. రెండు పోయాయి. మూడోదాన్ని ఎంత నెట్టినా పోలేదు. వెనకున్నవాళ్ళు నవ్వారు, నేనూ నవ్వబోయాను. నోట్లో వేళ్ళుండగా నవ్వడం కుదరలేదు.

"లోపల చర్మం బిగుసుకుపోతా ఉండాది సార్," అంది డాక్టరమ్మ. కన్నడం తెలుగు కలిపి నెమ్మదిగా చెప్పింది. "ఇప్పుడు బిడితే, గుట్కా మానేస్తే, ఇక్కడికి నిలుస్తాది. బిడకపోతే ఒక వేలు కూడా పోదు. క్యాన్సర్ కూడా రావచ్చు."

"మానేస్తే మళ్ళీ మూడు వేళ్ళు పడతాయా?"

ఆమె అబద్ధం చెప్పలేదు. "పోయింది వచ్చేది కష్ట సార్. ఉండేదాన్ని ఉళిసుకోవాల, కాపాడుకోవాల."

నేను పట్టుకున్నది ఆ మొదటి మాటనే. మానినా తెరుచుకోదట. మరి ఎందుకు మానాలి? మానితే తలనొప్పి, మలబద్ధకం, రంగు కారిన తలుపులు, ఇన్ని పడ్డాక చేతికొచ్చేది ఇప్పుడున్న రెండు వేళ్ళే. మానకపోతే రెండూ పోతాయి. ఏ వైపు నడిచినా గోడే తగులుతోంది. బస్సులో ఇంటికొస్తూ దారి పొడుగునా ఇదే లెక్క తిప్పి తిప్పి వేశాను. వర్తూరులో దిగేసరికి నా చెయ్యి దానంతట అదే పాకెట్ కోసం జేబులోకి పోయింది.

ఇంటికొచ్చి ఆ సంగతి వేళాకోళంగా చెప్పాను. "రెండు వేళ్ళే పట్టినాయి చూడు. మూడోది బయటే నిలబడిపోయింది."

ఆమె చేటలో రాగులు చెరుగుతోంది. చెయ్యి ఆపింది. "మూడోది ఎందుకు పట్టలేదు?"

"మూడోది పట్టి నేనేమన్నా పాటకచేరీ చేయాల్నా?"

ఆమె నవ్వలేదు. మానమని కూడా అనలేదు. మళ్ళీ చెరుగుతూ కూర్చుంది. గండం గడిచిందనుకున్నాను.

ఆ తరవాత నెలా రెండు నెలలు ఆమె మనిషి మనిషిగా లేదు. ఊరికే కసురుకునేది, గిన్నెలు ఎత్తి పడేసేది, తలకు గుడ్డ కట్టుకుని పగలే పడుకునేది. వయసు మీద పడుతోంది, ఆడవాళ్ళకు ఇది మామూలే అని నేను పక్కింటివాళ్ళకు కూడా చెప్పాను. ఒకరోజు కూర మాడిందని గట్టిగా అరిచాను. "ఇంట్లో మొగం మాడ్చుకుని కూర్చుంటే కూర మాడక ఏమవుతాది?" అన్నాను. మాట అంటున్నప్పుడు నా బుగ్గలో గుట్కా ఉంది. ఆమె సంచి విప్పి ఆకు మడిచి నోట్లో పెట్టుకుంది.

మరో ఏడాది గడిచింది. ఊరంతా మూడు రోజులు వరసగా బంద్ పడింది. మొదటి రోజు జేబులో ఉన్నవి సరిపోయాయి. రెండో రోజు పొద్దున్నే అయిపోయాయి. మామూలుగా బంద్ రోజున మా అంగడాయన వెనక తలుపు నుంచి ఇచ్చేవాడు. పోయి తలుపు కొడితే, ఆయన దేవనహళ్ళిలో బావమరిది ఇంట్లో ఇరుక్కుపోయాడని చెప్పారు. ఊళ్ళో ఉన్న అంగళ్ళన్నీ తిరిగాను. అన్నిటికీ బీగాలే. మధ్యాహ్నానికి ఒళ్ళంతా చీమలు పాకుతున్నట్టుంది. ఇల్లు ఇరుకైపోయింది. పిల్లలు నా ముఖం చూసి పక్కింటికి పోయారు.

అప్పుడు నాకు ఆమె సంచి గుర్తొచ్చింది. స్నానానికి పోతూ గూటిలో పెట్టింది. కడ్డిపుడి నాకు అలవాటు లేదు, కానీ ఆ గంటలో అదే అమృతం. సంచి విప్పి నేల మీద కుమ్మరించాను. ఆకులున్నాయి, వక్కలున్నాయి, సున్నం డబ్బీ ఉంది. కడ్డిపుడి పొట్లం లేదు. సంచిని లోపలిది బయటికి తిప్పి మూలలు దులిపాను. పొగాకు వాసన కూడా లేదు.

ఆమె తల తుడుచుకుంటూ వచ్చి నన్ను చూసింది. నేను నేల మీద మోకాళ్ళ మీద ఉన్నాను.

"కడ్డిపుడి యాడుంది?" అన్నాను.

"లేదు."

"నీదీ అయిపోయిందా?"

"నేను ఎప్పుడో బిట్టేస్తి బావా. నీ నోట్లో రెండే వేళ్ళు పట్టినాయి అంటివే, ఆ పొద్దే."

నాకు కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక కోపం వచ్చింది. సిగ్గు రావలసిన చోట నాకు ఎప్పుడూ కోపమే ముందు వస్తుంది.

"ఒక సమ్మచ్చరం పైన అయింది! నాకెందుకు చెప్పలేదు?"

ఆమె నేల మీది ఆకుల్ని ఒక్కొక్కటిగా ఏరుతూ మాట్లాడింది. "చెప్తే నువ్వు మానాల కదా. అదే కదా మన మాట. చెప్పినాక కూడా నువ్వు మానకపోతే? అది నాకు తెలిసిపోతాది. తెలుసుకునే ధైర్యం లేక చెప్పలేదు."

ఆ తలగుడ్డ, ఆ కసురు, ఆ గిన్నెల మోత, అన్నీ అప్పుడు నాకు అర్థమయ్యాయి. నా పక్కనే, నేను నములుతుంటే చూస్తూ, నేను మూడుసార్లు చేసి చేతకాక వదిలేసిన పనిని ఆమె ఒక్కతే చేసింది. పైగా నాచేత తిట్లు తింది. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా. ఆ సాయంత్రం పాకెట్ లేకుండానే గడిచింది, మరుసటి రోజు కూడా.

నాలుగో రోజు అంగళ్ళు తెరిచారు. ఇక్కడ నేను మారిపోయానని రాస్తే బాగుంటుంది, కానీ జరిగింది అది కాదు. ఫ్యాక్టరీ బస్సు కోసం నిలబడిన నన్ను చూసి అంగడాయన అడక్కుండానే దండలోంచి నాలుగు పాకెట్లు తెంపి అందించాడు. తీసుకున్నాను. అన్నేళ్ళూ పెయింటరు నేర్పాడని, బీడీ వద్దన్నారని, ఇంట్లో ఆమె కూడా తింటుందని చెప్పుకుంటూ తిన్నాను. ఆ పొద్దు చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు. అయినా తిన్నాను.

సాయంత్రం ఇంటికొచ్చి దాచకుండా చెప్పాను. "ఈ పొద్దు తింటి."

"తెలుస్తా ఉండాది," అంది. నా కంచం పెట్టింది, ముద్ద పెట్టింది, పులుసు పోసింది. నేను రెండు ముక్కలు మింగేదాకా ఆగి, మామూలు గొంతుతో అంది, "రేపు వచ్చేటప్పుడు నాకూ ఒక పొట్లం కడ్డిపుడి తీసుకురా."

"ఎందుకు?"

"ఎందుకేమి? తినేకి. రోజూ పొద్దున లేస్తానే దాని మిందికే పోతాది నా మనసు. నేనొకదాన్నే ఎందుకు కష్టపడాల?"

కోపంగా అనలేదు. ఉప్పు తీసుకురమ్మన్నట్టే అంది.

మరునాడు సాయంత్రం బస్సు దిగి అంగడి ముందు నిలబడ్డాను. అంగడాయన చెయ్యి దండ మీదికి పోయింది. కడ్డిపుడి పొట్లాలు దాని కిందనే ఒక డబ్బాలో ఉన్నాయి. నాది మాత్రం కొనుక్కుని పోతే, "మరి నాదేది?" అని ఆమె అడుగుతుంది. రెండూ కొంటే, ఏడాది పైన ఆమె ఒక్కతే మోసుకొచ్చినదాన్ని నా చేతులతో నేనే పడగొట్టినట్టు. ఆమె నోరు ఇంకా మూడు వేళ్ళు పట్టే నోరు. ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. "ఏం కావాలప్పా, చెప్పు," అని ఆయన విసుక్కున్నాడు. ఏమీ వద్దని చెప్పి ఇంటికి నడిచాను.

గడప దాటకముందే అడిగింది. "తెచ్చినావా?"

"మరిచిపోతి."

"రేపు తీసుకురా."

సరేనన్నాను. మరునాడూ అడిగింది, మరునాడూ మరిచిపోయాను. తలనొప్పి వచ్చింది, కడుపు బిగుసుకుంది, ఇంకో బీరువా తలుపు పాడుచేశాను. అన్నీ మళ్ళీ వచ్చాయి, ఏదీ తగ్గి రాలేదు. రెండుసార్లు జారాను కూడా. ఆ రెండు సాయంత్రాలూ నేను వచ్చి గడపలో నిలబడితే ఆమె అడగలేదు. నా ముఖం వైపు చూసి లోపలికి పోయింది. మూడోసారి జారకపోవడానికి కారణం ఏమిటని అడిగితే, ఆ అడగకపోవడమేనని చెబుతాను. నా నోరు ఇప్పటికీ రెండు వేళ్ళే. డాక్టరమ్మ చెప్పినట్టే అక్కడికి ఆగింది. గుట్కా మీద ఆశ మాత్రం ఆగలేదు, బస్సు దిగిన ప్రతిసారీ కాళ్ళు అంగడి వైపే తిరుగుతాయి.

నిన్న సాయంత్రం కూడా చెప్పులు విడుస్తుంటే లోపల్నుంచి అడిగింది, తెచ్చినావా అని. మరిచిపోతినని చెప్పాను.