అంగిట్లో బిళ్ళ

విడవలూరు దాపున సముద్రపొడ్డు పల్లెలో చేపల వేలం పాడేది నాగులమ్మ. అలల హోరు మీదుగా ఆమె ధర కేకేస్తే నెల్లూరు నుంచి వచ్చిన బేరగాళ్ళు కావిళ్ళు దించి మరీ వినేవాళ్ళు.

గాలికి చుట్ట ఆరిపోతుందని నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగడం అక్కడి ఆడవాళ్ళ అలవాటు. పందొమ్మిది వందల అరవై రెండులో ఆమె అంగిట్లో పుండు లేచింది. మద్రాసు ఆసుపత్రిలో క్యాన్సరన్నారు, సగం అంగిలి కోసేశారు. తాగిన గంజి ముక్కులోంచి కారింది. మాట కూడా అటే పోయింది. చెల్లెలు అంకాలమ్మ రెండు నెలలు పక్కనుండి గంజి పట్టింది, గుడ్డలుతికింది. ఆ చాకిరీ అబద్ధం కాదు.

తరవాత మైనంతో అచ్చు తీసి, గులాబీ రంగు బిళ్ళ చేసి, కోసిన చోటు మూసుకునేలా అంగిట్లో అమర్చారు. నెల్లూరు నుంచి వచ్చి అక్కడ పనిచేసే నర్సు రెబెక్కమ్మ మాట తిరగాలని రోజూ ఒకటి, రెండు అంటూ ఒకట్లు చదవమనేది. నాగులమ్మ చేపల పేర్లే చదివింది. చందువ అనడానికి పదకొండు రోజులు పట్టింది.

ఊరికొచ్చాక, అక్క ఒళ్ళు తేరేదాకా వేలం తను పాడతానంది అంకాలమ్మ. గంగమ్మ జాతర కాగానే మళ్ళీ తనే పాడాలని నాగులమ్మ రోజులు లెక్కపెట్టుకుంది. జాతరకు మూడు వారాల ముందు చెల్లెలొచ్చి పక్కన కూర్చుంది.

“గంగమ్మ తల్లికి పొంగలి కుండెత్తేదానివి గదా అక్కా. ఆ బిళ్ళ చచ్చినోళ్ళ ఎముకతో చేస్తారంట. జాతర అయిందాకా తీసిపెట్టు.”

తీసిపెట్టింది. మూడు వారాలు గంజి ముక్కున కారుతున్నా ఓర్చుకుని కుండెత్తింది. మర్నాడు బిళ్ళ పెట్టుకోబోతే పట్టలేదు. దవడ బిగిసి నోరు రెండు వేళ్ళు పట్టేంత కూడా తెరుచుకోలేదు. మద్రాసు వెళితే, ఈ నోటికి మళ్ళీ అచ్చు తీయలేమన్నారు.

“ఒక్క రోజు తీసినా లోపల ముడుచుకుపోద్దని మీ చెల్లెలికి మూడుసార్లు చెప్పినానే,” అంది రెబెక్కమ్మ.

నాగులమ్మ బస్సు దిగి తిన్నగా ఒడ్డుకు నడిచింది. అంకాలమ్మ గంపల మధ్య నిలబడి ఉంది. ఊరిపెద్ద మస్తానయ్య అందరినీ ఊరుకోమని, ఇకమీదట వేలం ఎవరు పాడాలో నువ్వే చెప్పమని నాగులమ్మను అడిగాడు.

ఆమె చెప్పింది. చెల్లెలు తెలిసే చేసిందని, తన పని తనకిమ్మని చెప్పింది. ముక్కులోంచి గాలి వచ్చింది. జనం అలవాటుగా అంకాలమ్మ వైపు చూశారు. ఆసుపత్రి నాటినుంచీ ఆ ముక్కుమాట అర్థమయ్యేది ఆమె ఒక్కదానికే.

అంకాలమ్మ అక్క మొహంలోకి చూడలేదు.

“ఇంక నన్నే పాడుకోమంటా ఉంది.”

నాగులమ్మ తడి ఇసుక గుప్పెడు తీసి చెల్లెలి మొహాన కొట్టింది. జబ్బు మనిషి, పట్టించుకోమాకండని మస్తానయ్య ఆమె రెక్క పట్టుకుని పక్కకు లాగాడు. అంకాలమ్మ కొంగుతో మొహం తుడుచుకుని మొదటి గంప ధర కేకేసింది.