పన్నెండో నంబరు హారతి

మొన్న మదనపల్లెలో మా హాలు సర్దుతూ కోడలు, స్టీరియోలో సీడీ పెట్టే అర తెరుచుకోవడమే లేదు, పాత సామాన్లవాడికి ఇచ్చేద్దామా అని అడిగితే, ఇచ్చెయ్యమన్నాను గానీ, ఆ అరలో ఒకప్పుడు నా చేత్తో పెట్టిన డిస్కు సంగతి ఆ పూటంతా మనసులో తిరుగుతూనే ఉంది.

క్యాసెట్టుకు పది పన్నెండు పాటలతో సరిపెట్టుకున్న మనకు, ఒక్క డిస్కులో వందకు పైగా పడతాయంటే మొదట నమ్మకం కుదరలేదు కదా. మా ఆయన ఎమ్‌పీత్రీ పాడే స్టీరియో కొన్నాక నేను నూట ఇరవై పాటలు ఏరి, వరుస నంబర్లు వేసి, నోటుపుస్తకంలో రాసుకుని, క్యాసెట్లన్నీ బస్టాండు దగ్గరి రికార్డింగు షాపులో ఇచ్చాను. వాటిలో పన్నెండో నంబరు, పుంగనూరు ఇంట్లో మా అమ్మ పాడిన మంగళహారతి. అమ్మ పోయాక ఆమె గొంతు మిగిలింది ఆ ఒక్క క్యాసెట్టులోనే, అది కుప్పంలో ఉన్న మా అక్క దగ్గర ఉండేది. టేపు అరిగిపోతుంది, డిస్కు అరగదని రెండు నెలలు నచ్చజెప్పి తెచ్చుకున్నాను. డిస్కులోకి ఎక్కించాక టేపు తెగిపోయిందని షాపతను చెప్పినా, డిస్కు ఉంది కదా అని దిగులుపడలేదు. అక్క కన్నా ముందు నేను వినడం న్యాయం కాదని పెట్టి చూడనూ లేదు.

అక్క పొద్దున్నే బస్సెక్కి వచ్చి స్టీరియో ముందు కూర్చుంది. పుస్తకం చూసి పన్నెండు నొక్కితే ఏదో సినిమా పాట వచ్చింది. పదకొండూ, పదమూడూ కూడా పుస్తకంతో కలవలేదు.

"యాడుండాది అమ్మ పాట?" అంది అక్క. "వద్దు వద్దంటే పట్టుకపోతివి. లెక్కలన్నీ నీకే తెలిసినట్టు."

"ఉంటాది అక్కా, సూస్తాండా కదా."

"వదినా, మీ చెల్లెలి లెక్క తప్పడం ఇదే మొదలు, రాసి పెట్టుకోండి," అన్నారు మా ఆయన. ఎవరూ నవ్వలేదు.

మొదటినుంచి ఒక్కొక్క పాట మొదలు విని రాసుకుంటూ పోయాను. ఒకటి తరువాత నా పదో పాట వచ్చింది, ఆ తరువాత వందోది, నూట ఒకటోది. అప్పుడు తెలిసింది, షాపతను నా నంబర్లనే పాటల పేర్లుగా పెట్టాడు, యంత్రం వాటిని నిఘంటువులో మాటల్లా పేర్చి, ఒకటి అంకెతో మొదలయ్యేవన్నీ ముందు పాడుతోంది. నా రెండో పాట ముప్పై మూడో చోటికి పోయింది. కాగితం మీద వేసి చూస్తే పన్నెండోది ఇరవై నాలుగో చోట తేలింది.

ఇరవై నాలుగు నొక్కాను. కాసేపు టేపు గరగర, ఆ వెనుక అమ్మ. రెండో చరణం మధ్యలో పాట ఆపి, "అమ్మీ, పాలు పొంగుతాండాయి సూడు," అని మళ్ళీ అందుకుంది. అరవై దాటిన మా అక్క చటుక్కున లేచి వంటింటి వైపు రెండడుగులు వేసింది. గడప దగ్గర ఆగి, తలుపు పట్టుకుని, పాట అయ్యేదాకా మా వైపు తిరగలేదు. తరువాత, ఇంకోసారి పెట్టమంది. మూడుసార్లు విని, ఎక్కాల్సిన బస్సు వదులుకుని, ఆ వెనుక బస్సుకు పోయింది.

ఇప్పుడు అక్క లేదు. ఆ హారతి డిస్కులోంచి ఎప్పుడో నా ఫోనులోకి ఎక్కింది, వేలు ఆనిస్తే చాలు, వెతకకుండానే వస్తుంది. అందరి గొంతులూ ఫోనుల్లో లెక్కలేనన్ని ఉన్నాయి, రెండోసారి వినే తీరికే ఎవరికీ లేదు. పాల మాట వచ్చినప్పుడు మా కోడలు ముచ్చటపడి నవ్వుతుంది. అది విని వంటింటి వైపు చూసేదాన్ని మాత్రం నేనొక్కదాన్నే మిగిలాను.